కోటకొమ్మల దారిలో: చెస్టర్ నుంచి స్టోక్‌సే దాకా

శనివారం, చెస్టర్

ఇంగ్లండులో ఏ పాత భవనం ముందు బోర్డు చదివినా ఒక మాట తరచు తగులుతుంది: క్యాస్టెల్లేటెడ్. కోట వాలకంలో కట్టినది అని దాని అర్థం. గోడ పైఅంచు సాఫీగా ఉండకుండా, నోట్లో పళ్ళ వరుసలాగా ఒక దిమ్మ, ఒక ఖాళీ, మళ్ళీ దిమ్మ, మళ్ళీ ఖాళీ వస్తూ, మూలల్లో బురుజులు లేచి ఉంటే ఆ కట్టడాన్ని అలా అంటారు. ఆ దిమ్మల్ని మన ప్రబంధాల్లో కోటకొమ్మలు అన్నారు. నాకు ఆ మాట చాలా ఇష్టం, ఇక్కడంతా అదే వాడతాను.

చిత్రమేమిటంటే, నిజమైన కోటల్ని మామూలుగా క్యాస్టెల్లేటెడ్ అనరు. గోల్కొండను అలా అనం కదా, అది కోటే. కోట కానిది కోటలా కనబడితేనే ఎక్కువగా ఆ మాట వాడతారు. మరి కోటకీ కోట వాలకానికీ మధ్య దూరం ఎక్కడ మొదలైంది, ఎవరు మొదలుపెట్టారు అన్నది చాలాకాలంగా నాలో ఉన్న ప్రశ్న. అక్కావాళ్ళు మాంచెస్టర్‌లో ఉంటారు, అక్కడికి వచ్చాను కాబట్టి ఆ మాట పుట్టిన చోటు నుంచి అది నడిచిన దారి వెంట వెళ్దామని బయల్దేరాం. అక్క, బావ, నేను.

మొదటి మజిలీ చెస్టర్ కావడానికి కారణం ఆ ఊరి పేరే. లాటిన్‌లో కాస్ట్రుమ్ అంటే గట్టి కావలి ఉన్న స్థావరం, దాని బహువచనం కాస్ట్రా అంటే సైనిక శిబిరం. రోమన్లు క్రీస్తుశకం 70ల్లో డీ నది ఒడ్డున దేవా అనే పెద్ద శిబిరం కట్టారు, వాళ్ళ ఇరవయ్యో లీజియన్, అంటే పెద్ద సైనికదళం, చాలాకాలం ఇక్కడే ఉంది. రోమన్లు వెళ్ళిపోయాక ఇంగ్లిష్ వాళ్ళ పూర్వీకులైన ఆంగ్లో-సాక్సన్లు ఆ గోడల్ని చూసి, వాళ్ళ నోటికి తిరిగినట్టు చెయాస్టర్ అన్నారు. అదే చెస్టర్. మాంచెస్టర్, వించెస్టర్, లీసెస్టర్, గ్లోస్టర్, వూస్టర్ అన్నీ ఆ మాట తోకలే. ఉత్తరాన, డెన్మార్క్ నుంచి వచ్చిన డేన్లు ఎక్కువగా స్థిరపడిన వైపు, 'చ' రాకుండా 'క' నిలిచిపోయింది, అందుకే లాంకాస్టర్, డాంకాస్టర్. బావ పదిహేనేళ్ళకు పైగా మాంచెస్టర్ అడ్రసు రాస్తున్నాడు. ఇది విని "అంటే మనం ఉండేది మిలిటరీ క్యాంపులోనా!" అన్నాడు. ఒకప్పుడు అంతే మరి, అక్కడ మాముకియం అనే రోమన్ కోట ఉండేది.

చెస్టర్‌లో చేయాల్సిన పని ఒక్కటే, గోడ ఎక్కి ఊరి చుట్టూ నడవడం. దాదాపు 3 కిలోమీటర్లు. బ్రిటన్‌లో ఇంత పూర్తిగా మిగిలిన నగర ప్రాకారం ఇంకోటి లేదంటారు. అడుగున రోమన్ల రాయి, దాని మీద మధ్యయుగాల రాయి, ఆపైన గత రెండు మూడు వందల ఏళ్ళ మరమ్మతులు. ఈస్ట్‌గేట్ గడియారం దగ్గర ఫోటోల కోసం జనం ఆగిపోతారు, 1899 నాటిది, బావుంటుంది. గోడ బయటికి వస్తే సగం తవ్విన రోమన్ రంగస్థలం ఉంది. నేను మాత్రం ఉత్తరం వైపు గోడ మీద ఎక్కువసేపు నిలబడ్డాను. కింద కాలువ లోతుగా ఉంటుంది, అక్కడ గోడ ఎత్తు చూస్తే శిబిరం అనే మాటకి బరువు తెలుస్తుంది.

కాస్ట్రుమ్‌కి 'చిన్న' అనే అర్థం చేరిస్తే కాస్టెల్లుమ్, అంటే చిన్న కోట. పాత ఇంగ్లిష్‌లోకి ఇది ముందు చర్చి లాటిన్ ద్వారా వచ్చింది, అప్పుడు దానికి అర్థం ఊరు, పల్లె అని మాత్రమే. మళ్ళీ ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లతో రెండోసారి వచ్చింది, ఈసారి కోట అనే అర్థంతో. ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ అనే పాత చరిత్ర గ్రంథంలో 1051 నాటి సంగతుల్లో, పరదేశీయులు హెర్‌ఫర్డ్‌షైర్‌లో కాస్టెల్ కట్టి జనాన్ని బాధపెట్టారని రాశారు. నార్మన్ల 1066 దండయాత్రకి పదిహేనేళ్ళ ముందే! అంటే ఆ మాట ఇంగ్లిష్ వాళ్ళకి మొదట పరాయి దొర దౌర్జన్యంగా పరిచయమైంది. పారిస్ ఫ్రెంచ్‌లో అదే మాట షాటో అయింది, స్పానిష్‌లో కాస్టియ్యో. అరబ్బులు కాస్ట్రుమ్‌ని కస్ర్ చేసుకున్నారు, దాని బహువచనం నుంచే ఈజిప్టులో లక్సర్ పేరు వచ్చింది. మన బురుజు కూడా ఇలాంటి ప్రయాణమే చేసింది. అరబ్బీ బుర్జ్ నుంచి వచ్చింది, దాని వెనక గ్రీకు పిర్గోస్ ఉందంటారు. గోల్కొండ పెట్లబురుజు పేరులో మధ్యధరా సముద్రపు ఉప్పు కాస్త ఉందన్నమాట.

ఆదివారం, కాన్వీ

చెస్టర్ నుంచి వేల్స్‌లోని కాన్వీకి రైలు సముద్రం అంచునే పోతుంది. కుడివైపు కిటికీ సీటు కోసం అందరూ చూస్తారు, కానీ అబెర్‌గెలీ దాటాక ఒక్క నిమిషం ఎడమవైపు చూడాలి. కొండ వాలు మీద చెట్ల మధ్య పొడుగ్గా, బురుజుల వెంట బురుజులుగా గురిఖ్ కోట కనబడుతుంది. నిజానికి అది 19వ శతాబ్దం మొదట్లో ఓ ధనవంతుడు కట్టుకున్న ఇల్లు, అంతంత గోడలూ చాలావరకు కొండ మీద గంభీరంగా కనబడటానికే. రెండో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు నాజీల నుంచి తప్పించుకు వచ్చిన దాదాపు 200 మంది యూదు పిల్లలకి అది నీడనిచ్చింది. తర్వాత పాడుబడి, ఇప్పుడు ఒక ట్రస్టు చేతుల్లో కొద్దికొద్దిగా బాగవుతోంది.

కాన్వీలోకి రైలు ప్రవేశించే తీరు చూసి తీరాలి. నది మీద ఒక ఇనప గొట్టంలోకి దూరి, బయటికి వచ్చేసరికి కోటగోడ పక్కనే ఉంటాం. స్టేషను కూడా ఊరి ప్రాకారం లోపలే. చిన్న స్టేషను, ఇక్కడ దిగాలంటే ముందుగా గార్డుకి చెప్పాలి.

కోట 1283లో మొదలై నాలుగైదేళ్ళలోనే చాలావరకు లేచింది. వేల్స్‌ను జయించిన మొదటి ఎడ్వర్డు రాజు కట్టించాడు, పనంతా నడిపింది సవాయ్ ప్రాంతం నుంచి వచ్చిన మాస్టర్ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్. ఎనిమిది పెద్ద బురుజులు. ఊరి ప్రాకారంతో కలిపి ఖర్చు దాదాపు 15,000 పౌండ్లు, ఆ రోజుల్లో రాజుకైనా అది భయపడాల్సిన మొత్తం. ప్రాకారం 1.3 కిలోమీటర్లు, 21 బురుజులు. ఒకచోట గోడ పైనుంచి వరసగా 12 మరుగుదొడ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి, రాజుగారి సిబ్బంది కోసం కట్టినవి. అక్క అక్కడ నిలబడి లెక్కపెట్టింది కూడా!

పైకెక్కాక కోటకొమ్మల్ని చేత్తో తడిమి చూశాను. నిలబడ్డ దిమ్మని మెర్లాన్ అంటారు, మధ్య ఖాళీని క్రెనెల్. క్రెనెల్ అంటే గంటు అని పాత ఫ్రెంచ్ మాట. దిమ్మ నా భుజం కన్నా ఎత్తు, వెనక మనిషి దాక్కోవచ్చు, బాణం ఎక్కుపెట్టి ఖాళీలోంచి వదిలి మళ్ళీ దిమ్మ వెనక్కి జరగొచ్చు. మొత్తం కిటుకు ఇంతే, ప్రపంచంలో ఎక్కడ కోట కట్టినా ఇదే. కానీ కాన్వీలో కొన్ని దిమ్మల నెత్తిన మూడేసి చిన్న రాతి మొనలు పెట్టారు. వాటితో బాణం ఆగదు, రాయి ఆగదు. కేవలం అందం, లేదా కింద ఊళ్ళో వాళ్ళకి భయం. ఓడిపోయిన దేశం నడిబొడ్డున కట్టిన అసలుసిసలు యుద్ధపు కోట, దాని నెత్తినే అలంకారం! కోట వాలకం అనేది 18వ శతాబ్దపు ఫ్యాషన్ అని చదివి వచ్చిన నాకు ఇక్కడే మొదటి అనుమానం వచ్చింది.

ఈ ఊళ్ళో క్యాస్టెల్లేటెడ్ అనే మాట పూర్తిగా అతికేవి కోట పక్కనున్న వంతెనలు. ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ 1826లో పూర్తిచేసిన వేలాడే వంతెన ఉంది, సుమారు 100 మీటర్ల గెంతు. దాని గొలుసుల్ని మోసే స్తంభాలకి కోటకొమ్మలు పెట్టాడు, పక్కన కోట ఉంది కాబట్టి దానికి జోడీగా ఉండాలని. టోలు వసూలు చేసే చిన్న ఇంటికి కూడా అవే. తర్వాత రాబర్ట్ స్టీఫెన్‌సన్ 1848, 1849ల్లో రైలు కోసం ఇనప గొట్టాల వంతెన వేశాడు, దాని రెండు కొసలకీ మళ్ళీ కోట ద్వారాలే. ఆ కాలానికి అత్యాధునికమైన ఇంజనీరింగ్ అది, ఎవరూ అంత పెద్ద ఇనప గొట్టాన్ని అలా నది మీదికి ఎత్తి ఎరగరు. దానికి 13వ శతాబ్దపు ముసుగు వేశారు. కొందరికి ఇది ఎబ్బెట్టుగా ఉంటుంది. నాకు మాత్రం నచ్చింది, పెద్దల పక్కన నిలబడేటప్పుడు వచ్చే మర్యాద అందులో ఉంది.

వంతెన మీద నడుస్తూ బావకి క్యాజిల్ నట్ గురించి చెప్పాను. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్, చిన్నప్పుడు డిపోకి వెళ్తే చక్రం ఇరుసు చివర బిగించే పెద్ద నట్ చూపించేవాడు. పైన గాళ్ళు కోసి ఉంటాయి, నట్ బిగించాక ఆ గాడిలోంచి ఇరుసు బెజ్జంలోకి స్ప్లిట్ పిన్ దూర్చి కొసలు వంచేస్తే ఎంత కుదుపుకీ ఊడదు. ఇంగ్లిష్ పుస్తకాల్లో దాని పేరు క్యాస్టెల్లేటెడ్ నట్. మొదట ఆ మాట నాకు తెలిసింది అక్కడే, కోటల ఊసు లేకుండా. భవనాల మీద గంట్లు పని మానేసి అలంకారం అయిపోయిన కాలంలో, ఇనుములో మాత్రం అదే గంటు మళ్ళీ ప్రాణాలు కాపాడే పనిలోకి దిగింది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఎంతో సంతోషంగా ఉంటుంది.

సోమవారం, పెన్రిన్

బాంగర్ ఊరికి కాస్త బయట పెన్రిన్ కోట. చెట్ల దారి మలుపు తిరగ్గానే ఎదురయ్యే ఆ రాశి చూసి అక్క "ఇదేంటి, నిన్నటిదాని కంటే భయంగా ఉంది!" అంది. నిజంగానే అది కాన్వీ కంటే కోటలా ఉంటుంది. నల్లబడ్డ గోడలు, చిన్న చిన్న నార్మన్ కమానులు, ఆకాశంలోకి లేచిన చతురస్రపు పెద్ద బురుజు. 1820, 30ల్లో థామస్ హాపర్ అనే వాస్తుశిల్పి కట్టాడు. ఆ పెద్ద బురుజుకి నమూనా ఎసెక్స్‌లోని హెడింగమ్ కోట. గోడల లోపలంతా ఇటుకే, బయట రాతి తొడుగు. ఒక్క రోజు కూడా యుద్ధం చూడలేదు, చూడాలని కట్టలేదు.

కట్టించినవాడు జార్జ్ హే డాకిన్స్-పెన్నంట్. డబ్బు రెండు చోట్ల నుంచి వచ్చింది, జమైకాలో బానిసలు పండించిన చెరకు, ఇక్కడి కొండల్లో పలకరాయి గని. బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, బానిసలకి కాదు, యజమానులకి. 764 మంది మనుషులకి లెక్కకట్టి ఈయనకి 14,683 పౌండ్లు ముట్టాయి. కోట పనులు ఇంకా నడుస్తున్న రోజులవి. భవనాన్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ ఈ సంగతులు దాచకుండా చెబుతుంది, అది మెచ్చుకోవాలి. లోపల విక్టోరియా రాణి వస్తుందని పలకరాతితో చేయించిన మంచం ఉంది, బరువు ఒక టన్ను.

గని కార్మికులు 1900లో మొదలుపెట్టిన పోరాటం 1903 దాకా సాగింది, బ్రిటన్ చరిత్రలోనే అతి పొడవైన కార్మిక వివాదాల్లో ఒకటి. ఆకలికి ఓర్చుకుంటూ, 'ఈ ఇంట్లో ద్రోహి లేడు' అని వెల్ష్‌లో రాసిన కాగితాలు కిటికీల్లో పెట్టుకున్నారు. దూరంగా ఈ కోట కనిపిస్తూనే ఉండి ఉంటుంది. ఆ గని ఊళ్ళోని కొన్ని కుటుంబాలు ఈ కోట గేటు లోపల అడుగు పెట్టబోమని తరతరాలుగా పట్టుబట్టి ఉన్నాయట. ఇక్కడ కోటకొమ్మల వెనక విలుకాళ్ళు లేరు కానీ, ఆ గోడ చెప్పేది మాత్రం అదే, పైన ఎవరు, కింద ఎవరు అని. కోట వాలకాన్ని ఉత్త సోకు అని కొట్టిపారేయడానికి నాకు ఇక్కడ మనసొప్పలేదు. 1051లో ఆ క్రానికల్ రాసినాయన కాస్టెల్ అన్నప్పుడు గొంతులో ఉన్న బాధే ఇక్కడ మళ్ళీ వినిపిస్తుంది.

ఇదే వాలకం మన హైదరాబాదు దాకా వచ్చింది. మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఆస్మాన్‌గఢ్ ప్యాలెస్ ఉంది కదా, 'పైగా' అనే ప్రభువంశపు నవాబు ఆస్మాన్‌జా 1885లో కట్టించినది, యూరప్ కోట నమూనాలో బురుజులు, కోటకొమ్మలతో. ఆయన 1887 నుంచి 1894 దాకా నిజాం దగ్గర ప్రధానమంత్రి. పక్క ఊళ్ళోనే గోల్కొండ ఉండగా, వెల్ష్ కొండల మీద కనబడే బొమ్మని తెచ్చుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ వైపు బస్సుల్లో తిరిగిన రోజుల్లో ఎన్నోసార్లు ఆ గుట్ట పక్క నుంచి పోయాను. పెన్రిన్ చూశాక దాని చుట్టాలెవరో తెలిసింది.

మంగళవారం, కార్నార్వన్

బాంగర్ నుంచి బస్సు, ఇప్పుడు అక్కడికి మామూలు రైలు లేదు. వాన పట్టుకుంది, ఎక్కువ తిరగలేదు. కార్నార్వన్ కూడా ఎడ్వర్డు కోటే, 1283లోనే మొదలైంది, కానీ ఇక్కడి బురుజులు గుండ్రంగా కాకుండా పలకలు పలకలుగా ఉంటాయి, గోడలో రంగు రాయి పట్టీలు పట్టీలుగా పరిచారు. కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) గోడల్ని తలపించాలని అలా కట్టారని చాలామంది పండితుల అభిప్రాయం. ఊరి పైన సెగోంటియం అనే రోమన్ శిబిరం పునాదులున్నాయి. అంటే రాజు రోమన్ల చోటికి వచ్చి, రోమన్ చక్రవర్తుల నగరం వాలకంలో కోట కట్టాడు. నిజం కోటే ఇంకో కోటని అనుకరించింది.

మరో సంగతి. వెల్ష్‌లో కాయెర్ అంటే కోట, కార్నార్వన్‌లో మొదటి ముక్క అదే, చెస్టర్‌ని కూడా వాళ్ళు కాయెర్ అనే అంటారు. కాస్ట్రా అరిగి కాయెర్ అయిందని పాతకాలంలో నమ్మేవాళ్ళు. భాషావేత్తలు ఇప్పుడు ఒప్పుకోరు, అది వాళ్ళ సొంత కెల్టిక్ మాట, దడి, కంచె అనే మాటలకి దగ్గర చుట్టం. లాటిన్ నుంచి వాళ్ళకి వచ్చింది కాస్టెల్ అనే మాట, కోటల పేర్ల ముందు ఎక్కడ చూసినా కనబడుతుంది. రెండు మాటలూ ఒకే బోర్డు మీద చూస్తే ఎవరిదేదో పోల్చుకోవడం బావుంటుంది.

బుధవారం, స్టోక్‌సే

దక్షిణంగా ష్రూస్‌బరీ మీదుగా క్రేవన్ ఆర్మ్స్ అనే చిన్న స్టేషనులో దిగి పొలాల పక్క రోడ్డున ఓ మైలు దాకా నడిచాం. స్టోక్‌సే కోట చూడాలన్నది మొదటి నుంచీ నా పట్టుదల, ఎందుకంటే దాని వెనక ఒక కాగితం ఉంది. మధ్యయుగపు ఇంగ్లండులో గోడ మీద కోటకొమ్మలు పెట్టుకోవాలంటే రాజుగారి లైసెన్సు తీసుకునేవాళ్ళు. రాతితో, సున్నంతో గోడ కట్టి గంట్లు పెట్టుకోవచ్చు అని అందులో లాటిన్‌లో రాసేవాళ్ళు. 1291లో ఎడ్వర్డు రాజు అలాంటి లైసెన్సు లారెన్స్ ఆఫ్ లడ్లో అనే ఆయనకి ఇచ్చాడు. ఈయన ప్రభువు కాదు, సేనాని కాదు, ఉన్ని వ్యాపారి. ఆ కాలంలో దేశంలో అందరికన్నా ధనవంతుడైన ఉన్ని వర్తకుల్లో ఒకడు, రాజుకే అప్పులిచ్చినవాడు.

కాన్వీ పని ముగిసి అప్పటికి నాలుగైదేళ్ళే. వేల్స్ సరిహద్దు ఇక్కడికి దగ్గరే. కందకం ఉంది, దక్షిణాన పలకలు పలకలుగా ఉన్న బురుజు మీద కోటకొమ్మలు ఎంచక్కా నిలబడి ఉన్నాయి. ముందు నుంచి చూస్తే గట్టి కోటే. కానీ పెద్ద హాలు గోడ చూడండి, పొడుగాటి కిటికీలు, మనిషి నిలువెత్తుకి మించి! లోపలి వైపు అనుకుంటే సరే, కందకం వైపు గోడకి కూడా అవే. ఓ నిచ్చెన, నలుగురు మనుషులు చాలు లోపలికి దూకడానికి. వెలుతురు కోసం, దర్జా కోసం కట్టిన ఇల్లు ఇది. 1645లో, రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో, పార్లమెంటు సైన్యం వచ్చి నిలబడితే పోరు లేకుండానే లొంగిపోయింది. అదే మంచిదైంది, అందుకే ఇంత చక్కగా మిగిలింది.

ఈ లైసెన్సుల్ని ఒకప్పుడు చరిత్రకారులు రాజు తన సామంతులు బలపడకుండా వేసిన కళ్ళెం అనుకునేవాళ్ళు. తర్వాత కాగితాలన్నీ తిరగేసినవాళ్ళు చెప్పింది వేరు: అడిగినవాళ్ళకి రాజు కాదన్నది చాలా అరుదు, చాలామందికి ఆ లైసెన్సు అంటే రాజుగారి దగ్గర పరపతికి రుజువు. నాకు ఈ మాటే సరైందనిపిస్తుంది. హాల్లో ఆ కిటికీ అరుగు మీద కూర్చున్నాక ఇంకే వివరణా నమ్మబుద్ధి కాలేదు. క్యాస్టెల్లేటెడ్ అనే మాట ఇంగ్లిష్‌లోకి 17వ శతాబ్దంలో వచ్చింది, కానీ ఆ పని అంతకు మూడు నాలుగు వందల ఏళ్ళ ముందే, నిజం కోటల కాలంలోనే, ఓ వర్తకుడు రాజముద్రతో చేశాడు. కోట ముందు, వాలకం తర్వాత అని గీత గీసి చెప్పే పుస్తకాలతో నేనిక ఏకీభవించను.

పాపం లారెన్స్ ఆ ఇంట్లో ఎక్కువకాలం ఉండలేదు. 1294లో ఉన్ని మీద పన్ను పెంచే ఏర్పాటులో రాజుకి సాయపడి, ఆ ఉన్ని ఓడల్లో ఒకదానిలో పోతూ సఫోక్ తీరం దగ్గర తుఫానులో మునిగి చనిపోయాడు. పన్ను భారం మోసిన ఉన్ని పెంపకందారులు ఇది దేవుడి శిక్ష అనుకున్నారని అప్పటి మఠాల రాతల్లో ఉంది.

బావకి ఇక్కడి గేటు ఇల్లు తెగ నచ్చింది, 17వ శతాబ్దంలో కలపతో కట్టింది, పసుపు రంగు గోడల మీద చెక్కిన దూలాలు. పక్కనే లడ్లో దాటాక డౌంటన్ కోట ఉంది, 1770ల్లో రిచర్డ్ పేన్ నైట్ అనే పండితుడు కట్టుకున్నది, బయటంతా కోటకొమ్మలు, లోపలంతా గ్రీకు, రోమన్ పద్ధతి గదులు. అది ఎవరి సొంత ఇల్లో, జనాన్ని రానివ్వరు, కాబట్టి వెళ్ళలేదు.

ఎవరైనా ఈ దారిలో వెళ్తే ఒక మాట. క్రేవన్ ఆర్మ్స్ నుంచి మాంచెస్టర్‌కి నేరుగా రైళ్ళున్నాయి, ఉదయం వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. స్టోక్‌సేకి చేరాక టికెట్టు కొనగానే లోపలికి పోకండి, ముందు కందకం వెంట చుట్టూ తిరిగి ఆ వెనక గోడ కిటికీలు చూడండి, తర్వాత బురుజు ఎక్కండి.